ఉత్త ఫ్రేమ్ మీద సైకిల్ కట్టుకోవడం: కొలతలు ముందు, కొనుగోళ్లు తర్వాత

మీ ప్రశ్న చదివాను, ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. మీ బావగారు అమెరికా నుంచి వస్తూ తెచ్చిచ్చిన పాత స్టీల్ రోడ్డు ఫ్రేమ్, దానితో పాటు ఫోర్కు. అంతకు మించి ఏమీ లేవు. మీరుండేది విశాఖలో. ఇంట్లోనే కట్టుకుని వచ్చే చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీ) తొక్కాలని, ఆ తర్వాత అరకు ఘాట్ ఎక్కాలని అనుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో ఒక గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకులు, లివర్లు కలిపి అమ్మే పార్టుల సెట్టు) తగ్గింపు ధరకి వస్తోంది, ఇవాళే కొనేయమంటారా అని అడిగారు.

ఇవాళ కొనకండి. తగ్గింపులు మళ్లీ వస్తాయి. కొత్త సైకిల్ కొంటే ఏ పార్టుకి ఏది సరిపోతుందో కంపెనీయే చూసుకుంటుంది. ఉత్త ఫ్రేమ్‌తో మొదలుపెట్టినప్పుడు ఆ పని మనమీద పడుతుంది. ఇలాంటి సైకిళ్లు సగంలో ఆగిపోయి అటక మీదికి చేరడం చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం బిగించడం రాక ఆగినవి కావు, కొలవకుండా కొన్నందువల్ల ఆగినవి. బ్రేకు రిమ్ముని అందుకోదు, వెనక చక్రం ఫ్రేమ్ చెవుల మధ్య పట్టదు, సీటు పిల్లర్ 0.2 మిల్లీమీటర్ల తేడాతో దిగబడిపోతూ ఉంటుంది. వాపసు గడువు దాటాక ఆ పార్టులు ఎవరికీ పనికిరావు.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఇది చవకగా తేలే పని కాదు. అన్నీ కొత్తవి కొంటే ఇదే స్థాయి కొత్త సైకిల్‌కి పెట్టే ఖర్చు అవుతుంది, ఒక్కోసారి దాటుతుంది. అయినా కట్టుకోమనే చెబుతాను. మీ చేతిలో ఉన్నలాంటి ఫ్రేములు ఇవాళ మామూలు షాపుల్లో దొరకవు, చాలా చోట్ల తుక్కు కింద పోతున్నాయి. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ ఫోటోల్లో కనిపించింది చెబుతాను. గొట్టాలు కలిసే చోట లగ్గులు, అంటే తొడుగుల్లాంటి ముక్కలు ఉన్నాయి. అంటే వేరే లోహం కరిగించి అతికిన, బ్రేజింగ్ చేసిన ఫ్రేమ్. సీటు గొట్టం మీద సగం చిరిగిన స్టిక్కర్ మీద డబుల్ బటెడ్ క్రోమోలీ (గట్టి మిశ్రమ స్టీలు) అని ఉంది. అలాంటి గొట్టం రెండు చివర్లా మందంగా, నడుమ పలచగా ఉంటుంది. ఈ తరహా వాటిలో చివర్లు 0.9, నడుమ 0.6 మిల్లీమీటర్లు ఉండటం మామూలే. కాబట్టి రిపేరు స్టాండులో ఎప్పుడూ సీటు పిల్లర్‌ని పట్టించండి. పలచని నడుము భాగాన్ని క్లాంపులో పెట్టి బిగిస్తే నొక్కుపడుతుంది, ఆ నొక్కు మళ్లీ పోదు. ఏటవాలు కింది గొట్టానికి రెండు పక్కలా చిన్న బొడిపెలున్నాయి. గేరు లివర్లు ఒకప్పుడు అక్కడ ఉండేవి. గేరు మార్చే డిరైలర్ తగిలించే హ్యాంగర్ ఫ్రేమ్‌తో కలిసిపోయి స్టీలుతోనే ఉంది. అది మీ అదృష్టం. వంగితే వంచి సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు కొలతలు. మంచి వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనండి, డిజిటల్‌ది అక్కర్లేదు.

మొదటిది వెనక చక్రం కూర్చునే చోటు, రెండు డ్రాపవుట్ల (ఇరుసు కూర్చునే చెవుల) లోపలి ముఖాల మధ్య దూరం. వెనక 5 పళ్ల చక్రాలుండే, అంటే 5 స్పీడ్ కాలంలో ఇది 120 మిల్లీమీటర్లు. 6, 7 స్పీడ్ రోడ్డు సైకిళ్లకి 126. తర్వాత వచ్చిన 8 నుంచి 11 స్పీడ్ వరకు రోడ్డు హబ్బులు (చక్రం నడిమి భాగాలు) 130. పాత మౌంటెన్ బైకులవి 135. మీది 126 ఉంటుందని నా అంచనా. అలా ఉంటే 130 హబ్బుని చేత్తో కాస్త విడదీసి కూర్చోబెట్టొచ్చు, స్టీలు ఆ నాలుగు మిల్లీమీటర్లూ ఓర్చుకుంటుంది. కానీ పంక్చర్ పడ్డ ప్రతిసారీ రోడ్డు పక్కన ఆ కుస్తీ ఎందుకు? చేయి తిరిగిన మెకానిక్ చేత పక్కకి రెండేసి మిల్లీమీటర్ల చొప్పున శాశ్వతంగా వెడల్పు చేయించుకోండి. ఆ తర్వాత డ్రాపవుట్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడమనండి. ఇది స్టీలుకి మాత్రమే చేయదగ్గ పని. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల జోలికి ఇలా వెళ్లకూడదు.

రెండోది బాటమ్ బ్రాకెట్ గూడు, పెడళ్ల ఇరుసు తిరిగే చోటు. మన షాపుల్లో బీబీ అంటారు. వెడల్పు 68 మిల్లీమీటర్లుంటే దాదాపుగా బీఎస్ఏ మర. దీనిలో కుడివైపు, అంటే చైను వైపు, ఎడమ మర ఉంటుంది. 70 ఉంటే ఇటాలియన్ కావచ్చు, అందులో రెండువైపులా మామూలు కుడి మరే. ఈ తేడా తెలియక బలంగా తిప్పితే ఫ్రేమ్ మరే పాడవుతుంది. బీఎస్ఏకి ఒక గుర్తు చెబుతాను: పానా గూడు పైభాగంలో ఉన్నప్పుడు దాన్ని వెనక చక్రం వైపు తిప్పితే రెండు కప్పులూ బిగుస్తాయి. పెడళ్లకి దీనికి సరిగ్గా తిరుగుడు. వాటిని ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తాయి.

మూడోది తల భాగం, కొంచెం శ్రద్ధ పెట్టాల్సినది. మీ ఫోర్కు కాడ 1 అంగుళం మందం, పై చివర మర ఉన్న రకం. ఇలాంటి వాటిలో హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల సెట్టు) కొనే ముందు ఒక లెక్క కట్టాలి. ఫోర్కు కాడ మొత్తం పొడవులోంచి ఫ్రేమ్ తల గొట్టం పొడవు తీసేయండి. మిగిలిన దానిలో హెడ్‌సెట్ పైకప్పు, కిందికప్పు, లాక్‌నట్టు అన్నీ ఇమడాలి. హెడ్‌సెట్ డబ్బా మీద స్టాక్ హైట్ అని రాసి ఉంటుంది, అది మీకు వచ్చిన అంకె కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే చాలు. ఎక్కువ ఉంటే లాక్‌నట్టుకి మర అందదు. ఇంకో చిక్కుంది. జపాన్ పద్ధతి ఫ్రేముల్లో కిందిరేసు (కింది బేరింగు ఆనే వలయం) కూర్చునే చోటు 27.0 మిల్లీమీటర్లు, ఐరోపా పద్ధతిలో 26.4. ఫోర్కు కాడ అడుగున, కిరీటానికి (రెండు కాళ్లు కలిసే చోటికి) ఆనుకుని కొలవండి. కంటికి ఆ తేడా కనబడదు. కానీ చిన్న రేసుని పెద్ద చోట సుత్తితో దిగగొడితే పగులుతుంది, పెద్దది చిన్న చోట వేస్తే చేతికే ఊడొస్తుంది.

నాలుగోది సీటు పిల్లర్. ఈ తరహా ఫ్రేములకి 27.2 మిల్లీమీటర్లు చాలా మామూలు. కానీ ఈ సైజులు 0.2 చొప్పున పెరుగుతూ ఉంటాయి, అందుకే అంచనా పనికిరాదు. పైన చీలిక ఉన్న చోట గొట్టం నొక్కుకుపోయి ఉండొచ్చు, రెండు మూడు కోణాల్లో లోపలి కొలత తీసుకోండి. వీలైతే ఏదైనా షాపులో 27.2 పిల్లర్ అడిగి దించి చూడండి. గ్రీజు పూసినది చేత్తో నిండుగా దిగాలి, గలగలలాడకూడదు.

ఐదోది బ్రేకు. చాలామంది వదిలేసేది ఇదే. ఎవరిదైనా 700సీ (ఇవాళ్టి రోడ్డు సైకిళ్ల మామూలు సైజు) చక్రం అడిగి తెచ్చి ఫ్రేమ్‌లో పెట్టండి. బ్రేకు బోల్టు రంధ్రం నడిమి నుంచి, రిమ్ము మీద బ్రేకు రబ్బరు ఆనే చోటి నడిమి వరకు కొలవండి. ముందు, వెనక రెండూ. 39 నుంచి 49 లోపల వస్తే ఇవాళ్టి మామూలు కాలిపర్ బ్రేకులు చాలు. 47 నుంచి 57 అయితే పొడుగు చేతులవి కొనాలి. పాత ఫ్రేములు కొన్ని 27 అంగుళాల చక్రాలకి చేసినవి. ఆ రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సీది 622. కాబట్టి 700సీ పెట్టగానే రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది. బ్రేకు కొనేటప్పుడు బోల్టు వెనక మామూలు నట్టు ఉండే రకమా, రంధ్రంలో దాగే పొడవాటి నట్టు రకమా అన్నది కూడా చూడండి. పాత ఫోర్కుల్లో రంధ్రం ఇటు నుంచి అటు 6 మిల్లీమీటర్లే ఉంటుంది. దాగే నట్టుకి వెనకవైపు 8 కావాలి. స్టీల్ ఫోర్కుకి వెనకవైపు మాత్రమే ఆ రంధ్రం పెద్దది చేయించుకోవచ్చు, ముందువైపు తాకకూడదు.

ఇవి కాక సీటు గొట్టం బయటి వ్యాసం ఒకసారి చూసుకోండి, మామూలుగా 28.6 మిల్లీమీటర్లు వస్తుంది. ముందు డిరైలర్ పట్టీ ఆ సైజుది కొనాలి.

కొలతలయ్యాక ఫ్రేమ్ ఆరోగ్యం చూడాలి. దారంతో చేసే పరీక్ష పాతదే అయినా ఇంట్లో చేసుకోవడానికి బాగా పనికొస్తుంది. సన్నని, సాగని దారం తీసుకుని ఒక చివర వెనక కుడి డ్రాపవుట్‌కి కట్టండి. అక్కణ్నుంచి ముందుకి తీసుకెళ్లి తల గొట్టం చుట్టూ తిప్పి ఎడమ డ్రాపవుట్‌కి బిగుతుగా కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికి, దారానికి మధ్య ఖాళీని రెండువైపులా కొలవండి. రెండూ సమానంగానో, మిల్లీమీటరు తేడాలోనో ఉంటే ఫ్రేమ్ తిన్నగా ఉన్నట్టే. రెండు మూడు దాటితే వెడల్పు చేయించేటప్పుడే సరిచేయించుకోవాలి. తల గొట్టానికి వెనకాల పైగొట్టం అడుగున, కిందిగొట్టం అడుగున వేళ్లతో తడిమి చూడండి. ఎదురుగా గుద్దుకున్న సైకిళ్లకి అక్కడ పెయింటు ముడతలు పడుతుంది, గొట్టం చిన్నగా ఉబ్బుతుంది. అలా ఉంటే ఈ ఫ్రేమ్ గోడకి తగిలించుకోవడానికే, రోడ్డు మీదికి వద్దు. మీ ఫోటోల్లో ఆ చోటు నీడలో ఉంది, వేలితో చూసుకోవాల్సిందే.

హ్యాంగర్ సరిగా ఉందో లేదో చూడటానికి ఖరీదైన పనిముట్టు లేకుండా ఒక ఉపాయం ఉంది. హ్యాంగర్ మర 10 మిల్లీమీటర్లు, ఒక్కో చుట్టు 1 మిల్లీమీటరు. క్విక్ రిలీజ్ వెనక హబ్బు ఇరుసు మర కూడా చాలా వాటిలో అదే. కాబట్టి ఇంకో వెనక చక్రం ఇరుసుని హ్యాంగర్‌లోకి తిప్పి ఎక్కిస్తే, మీ అసలు చక్రం పక్కన రెండో చక్రం నిలబడుతుంది. రెండు రిమ్ముల మధ్య దూరం పైన, కింద, ముందు, వెనక ఒకేలా ఉండాలి. తేడా వస్తే ఆ చక్రాన్నే పట్టుకుని నెమ్మదిగా వంచి సరిచేయండి. గేర్లు సరిగా పడటం లేదని నెలల తరబడి కేబుల్ స్క్రూ తిప్పుకునే వాళ్లలో చాలామంది జబ్బు ఇక్కడే ఉంటుంది.

విశాఖ గాలి ఉప్పుగాలి. స్టీల్ ఫ్రేమ్ బయట కన్నా లోపలే ముందు తినుకుపోతుంది. పార్టు ఒక్కటి కూడా ఎక్కక ముందే గొట్టాల లోపల పూత వేయాలి. రంగుల షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే మన అవిసె నూనె, దీనికి చక్కగా పనికొస్తుంది. బీబీ గూడులోంచి, సీటు గొట్టంలోంచి, వెనక గొట్టాలకున్న చిన్న గాలి రంధ్రాల్లోంచి పోసి, ఫ్రేమ్‌ని అటూ ఇటూ తిప్పుతూ లోపలంతా పాకనివ్వండి. మిగిలింది కారిపోయేలా వేలాడదీసి కొన్ని రోజులు ఆరనివ్వండి. బీబీ మరలకి, సీటు గొట్టం నోటికి అంటినది ఆరకముందే తుడిచేయాలి. జాగ్రత్త ఒకటి, తేలిగ్గా తీసుకోవద్దు: ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేశాకే పారేయండి.

ఇక చక్రాలు. డబ్బు ఎక్కడ పెట్టాలి అని అడిగితే నా సమాధానం ఎప్పుడూ ఒకటే: చక్రాలకి పెట్టండి, గేర్లలో తగ్గించుకోండి. నిజమైన తేడా మీకు తెలిసేది అక్కడే. రెడీమేడ్ చవక జత కొనే కన్నా మంచి హబ్బులు, గట్టి రిమ్ములు, స్టెయిన్‌లెస్ స్పోకులు విడిగా కొని కట్టించుకోవడం మేలు. మన రోడ్లకి వెనక 36, ముందు 32 స్పోకులు పెట్టించండి. 20, 24 స్పోకుల చక్రాలు ఘాట్ దిగుతూ గుంతలో పడితే ఒక్క స్పోకు తెగగానే బ్రేకుకి రాసుకుంటాయి, 36 ఉన్నవాటితో ఇంటికి చేరొచ్చు. నిపుల్స్ (స్పోకు చివర బిగించే చిన్న నట్లు) ఇత్తడివే తీసుకోండి. సముద్రం పక్కన అల్యూమినియం నిపుల్స్ పొడి పొడిగా రాలిపోతాయి.

చక్రం మీరే కట్టాలనుకుంటే సంతోషం, తొందర లేకపోతే అంత కష్టమేమీ కాదు. స్పోకు పొడవుకి హబ్బు రెక్క వ్యాసం, రెక్కల మధ్య దూరం, రిమ్ములో నిపుల్ కూర్చునే చోటి వ్యాసం, ఎన్ని దాట్లు అన్నవి కావాలి. ఆన్‌లైన్ లెక్కలో వేస్తే అంకె వస్తుంది. వెనక చక్రానికి కుడి, ఎడమ పొడవులు వేరు. పళ్ల చక్రాలకి చోటివ్వడానికి కుడి రెక్క లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి కుడి స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. మూడు దాట్లతో అల్లండి. ప్రతి స్పోకు అదే రెక్క నుంచి వచ్చే మూడింటిని దాటాలి, మూడో దాటు దగ్గర రెండో వైపుకి అల్లాలి. అన్ని నిపుల్స్‌నీ ముందు ఒకే లోతుకి, మర కనబడకుండా పోయేంత వరకే తిప్పండి. తర్వాత ఒక్కో చుట్టు చొప్పున చక్రం అంతా సమానంగా బిగిస్తూ రండి. పక్కబెండు, ఎత్తుబెండు రెండూ కలిపి చూసుకోవాలి. ఒకటి సరిచేసి రెండోది తర్వాత చూద్దామంటే మొదటిది మళ్లీ వస్తుంది.

బెండు తీసే స్టాండు లేకపోతే ఫ్రేమే స్టాండు. వెనక గొట్టాలకి రెండువైపులా ప్లాస్టిక్ టై ఒక్కొక్కటి కట్టి, చివర్లు రిమ్ముకి తగలనంత దగ్గరగా కత్తిరించండి. చక్రం తిప్పితే ఎక్కడ రాసుకుంటుందో చెవికే తెలుస్తుంది. రిమ్ము నడుమన ఉందో లేదో చూడాలంటే చక్రాన్ని తీసి తిరగేసి పెట్టండి. టై చివరకి అదే దూరంలో వస్తే సరి. వెనక కుడి స్పోకుల బిగువు చివరకి 100 నుంచి 120 కిలోల మధ్య రావాలి, రిమ్ము కంపెనీ చెప్పిన గరిష్ఠం దాటకుండా. మీటరు లేకపోతే ఇప్పటికే గట్టిగా ఉన్న ఇంకో మంచి చక్రం స్పోకు మీటి, ఆ శ్రుతికి దగ్గరగా తెచ్చుకోండి. ఒకే వైపు స్పోకులన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి మొద్దుగా పలికిందంటే పక్కది దాని బరువు మోస్తోందని అర్థం. బిగువు వచ్చాక సమాంతరంగా ఉన్న స్పోకుల్ని జతలుగా రెండు చేతులతో గట్టిగా పిండండి. చిటపటమంటూ మెలికలు విడిపోతాయి, బెండు కాస్త మారుతుంది. మళ్లీ సరిచేయండి. చప్పుడు రావడం ఆగే వరకు ఇది చేయాలి. ఈ పని వదిలేసిన చక్రం మొదటి ఘాట్‌లోనే వదులవుతుంది.

గేర్ల సంగతి మీ దారిని బట్టి తేల్చుకోవాలి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, దారిలో ఘాట్ అంతకన్నా పైకి ఎక్కి దిగుతుంది. మీ ఫ్రేమ్ కాలం నాటి రేసు గేర్లు ముందు చిన్నది 42, వెనక పెద్దది 24 పళ్లుండేవి. 28 మిల్లీమీటర్ల టైరుతో 700సీ చక్రం చుట్టుకొలత దాదాపు 2.14 మీటర్లు. ఆ గేరులో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 13.5 కిలోమీటర్ల వేగం. అంటే ఏటవాలులో అంత వేగం నిలబెట్టుకోలేకపోతే కాళ్లు బరువెక్కి, మోకాళ్ల మీద పడి తొక్కాల్సి వస్తుంది. అదే ముందు 34, వెనక 32 పెడితే అవే 60 చుట్లకి గంటకి 8.2 కిలోమీటర్లు. బ్రెవే 200కి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అందులో నెమ్మదిగా ఎక్కేవాడు నష్టపోడు, మోకాలు పాడుచేసుకున్నవాడే ఆగిపోతాడు. ముందు 50, 34. వెనక 11 నుంచి 32, 8 స్పీడు. ఇది మీకు చాలు.

8 స్పీడే ఎందుకంటే, చైను కాస్త మందం, చాలాకాలం వస్తుంది, ధర తక్కువ, చిన్న ఊళ్లో కూడా దొరికే అవకాశం ఎక్కువ. వెనక డిరైలర్ కొనేటప్పుడు కెపాసిటీ, అంటే ఎంత చైను వదులు లాగగలదో చూడండి. ముందు తేడా 16, వెనక తేడా 21, మొత్తం 37 పళ్లు. పొట్టి కేజ్ (చైనుని లాగి పట్టే చేయి) ఉన్న డిరైలర్ ఇంత వదులుని లాగలేదు. 37కి పైన రాసి ఉన్న పొడుగు కేజ్ తీసుకోండి, 32 పళ్లు పట్టగలదని కూడా చూడండి. గేరు లివర్లు హ్యాండిల్ మీద కావాలంటే కింది గొట్టం బొడిపెలకి కేబుల్ స్టాపర్లు తగిలిస్తే సరిపోతుంది. ఆ బొడిపెల మీదే పాత తరహా ఫ్రిక్షన్ లివర్లు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. క్లిక్కులు ఉండవు కాబట్టి సరిదిద్దాల్సింది తక్కువ.

మీరు చూసిన గ్రూప్‌సెట్ 8 స్పీడే అయినా అందులోని బ్రేకులు మీ కొలతకి రాకపోవచ్చు. అందుకే సెట్టుగా కొనకుండా విడివిడిగా కొనమంటున్నాను.

బిగించే వరస: హెడ్‌సెట్, ఫోర్కు, బీబీ, క్రాంకు (పెడళ్లు బిగించే చేతులు), చక్రాలు, బ్రేకులు, హ్యాండిల్, డిరైలర్లు, కేబుళ్లు, చైను. హెడ్‌సెట్ కప్పులు దిగగొట్టే పని, బీబీ మర శుభ్రం చేసే టాప్ (మరలు కోసే పనిముట్టు) పని ఈ రెండూ షాపుకి ఇచ్చేయండి. ఒక్కసారి కోసం ఆ పనిముట్లు కొనడం దండగ. ఇంట్లోనే చేస్తానంటే పొడవాటి మర కడ్డీ, మందపాటి వాషర్లు, రెండు నట్లు హార్డ్‌వేర్ షాపులో తెచ్చి నెమ్మదిగా లాగి కూర్చోబెట్టొచ్చు. సుత్తితో మాత్రం వద్దు, కప్పు ఒక పక్కకి ఒరిగిందంటే గొట్టం నోరే సాగిపోతుంది. 1 అంగుళం హెడ్‌సెట్ బిగించడానికి 32 మిల్లీమీటర్ల సన్న పానాలు రెండు కావాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకలాడకూడదు. ముందు చక్రం పైకెత్తి పట్టుకుని హ్యాండిల్ వదిలితే అది దానంతట అదే పక్కకి వాలాలి. ఈ రెండూ కుదిరే చోటే సరైన బిగువు.

బీబీ సీల్ చేసిన కార్ట్రిడ్జ్ రకం, చతురస్రపు ఇరుసుది తీసుకోండి. మరలకి గ్రీజు దండిగా పూసి మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగలేదంటే తప్పు కోణంలో ఎక్కుతోందని అర్థం, వెంటనే వెనక్కి తీయండి. క్రాంకు కంపెనీ చెప్పిన ఇరుసు పొడవే కొనండి. క్రాంకు ఎక్కాక సీటు గొట్టం నడిమి నుంచి రెండు చైన్ రింగుల నడిమి వరకు 43.5 మిల్లీమీటర్లకి దగ్గరగా రావాలి.

హ్యాండిల్ స్టెమ్ మీ ఫోర్కులో లోపలికి దిగే రకం, 22.2 మిల్లీమీటర్లది. దానికి, సీటు పిల్లర్‌కి గ్రీజు పూయకుండా ఎక్కించకండి. అల్యూమినియం, స్టీలు, చెమట, ఉప్పుగాలి నాలుగూ కలిస్తే ఏడాదిలో అతుక్కుపోతాయి, తర్వాత రంపంతో కోసి తీయాల్సి వస్తుంది. ఆరు నెలలకోసారి బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పూయండి. రెండింటి మీదా ఉన్న కనీసపు లోతు గీత బయటికి కనబడకూడదు.

కేబుల్ తొడుగుల విషయంలో ఒక్క ముక్క. బ్రేకు తొడుగు లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి. గేరు తొడుగుని బ్రేకుకి వాడితే గట్టిగా పట్టినప్పుడు చీలిపోయి బ్రేకు ఒక్కసారిగా పోతుంది. ఘాట్‌లో దాని ఫలితం చెప్పక్కర్లేదు. కోసిన ప్రతి చివరా నున్నగా అరగదీసి, లోపలి రంధ్రం నొక్కుకుపోకుండా సూదితో తెరవండి. గేర్లు మెత్తగా పడటంలో సగం ఇక్కడే ఉంది.

చైను పొడవుకి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద పళ్ల చక్రం మీద చుట్టండి. రెండు కొసలు కలిసే చోటికి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం కలపండి. పొట్టిగా కోస్తే పెద్ద గేరులో డిరైలరే విరుగుతుంది, అందుకే అనుమానం ఉంటే పొడవు వైపే మొగ్గండి. తర్వాత కేబుల్ కట్టకముందే రెండు హద్దు స్క్రూలు సరిచేయండి. చేత్తో తోస్తే డిరైలర్ చిన్న పళ్ల చక్రం దాటి ఫ్రేమ్ వైపు, పెద్ద పళ్ల చక్రం దాటి స్పోకుల వైపు పోకూడదు. స్పోకుల్లోకి పోతే డిరైలర్, హ్యాంగర్, చక్రం మూడూ ఒకేసారి పోతాయి.

సెకండ్‌హ్యాండ్ పార్టుల గురించి అడిగారు. డిరైలర్లు, బ్రేకు కాలిపర్లు, లివర్లు పాతవి ధైర్యంగా కొనండి. క్రాంకు కొంటే పెడల్ రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో వెలుతుర్లో చూడండి. హ్యాండిల్, స్టెమ్ అల్యూమినియంవి పాతవి వద్దు. ఎప్పుడు పడ్డాయో ఎవరూ చెప్పరు, విరిగేటప్పుడు అవీ చెప్పవు. చైను, కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు, టైర్లు ఎప్పుడూ కొత్తవే.

మీ తాతగారి పాత హీరో సైకిల్ మీదా ఇలాగే గేర్లు కట్టొచ్చా అని చివర్లో అడిగారు. నా మాట వింటే దాన్ని అలాగే బాగుచేయించుకోండి. ఆ రకం 28 అంగుళాల బండి రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, 700సీ కన్నా పెద్దది. వెనక హబ్బుకి 40, ముందు 32 రంధ్రాలు, క్రాంకు కాటర్ పిన్నులది, బ్రేకులు కడ్డీలవి. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాల్సి వస్తుంది, చివరికి ఫ్రేమ్ తప్ప తాతగారిది ఏదీ మిగలదు. పాత సామాన్లే ఇంకా తయారవుతున్నాయి, దొరకకపోతే లూధియానా నుంచి తెప్పించుకోవచ్చు. కప్పులు, గుళ్లు, కోన్లు మార్చి గ్రీజు పెడితే ఇంకో తరం నడుస్తుంది.

కట్టడం పూర్తయ్యాక తిన్నగా అరకు వెళ్లకండి. మొదటి వారం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున చదునుగా తొక్కండి. బ్రేకు రబ్బర్లు రిమ్ముకి అలవాటు పడాలి, కేబుళ్లు సర్దుకోవాలి. చతురస్రపు ఇరుసు క్రాంకు బోల్టులు మొదటి రోజుల్లో కాస్త వదులవుతాయి. 35 నుంచి 40 న్యూటన్ మీటర్లకి మళ్లీ బిగించండి. వదులు క్రాంకుతో తొక్కితే దాని రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, తర్వాత బిగించినా నిలవదు. 100 కిలోమీటర్లు దాటాక స్పోకులు మళ్లీ మీటి చూసి బెండు తీయండి, హెడ్‌సెట్ మరోసారి ఊపి చూడండి. ఆ తర్వాత సింహాచలం కొండ ఒకసారి ఎక్కి దిగండి. బ్రేకులు, చిన్న గేరు అక్కడే తేలిపోతాయి.

కొలతలు తీసుకున్నాక ఐదు అంకెలూ, దారానికి రెండువైపులా వచ్చిన దూరాలూ రాయండి. ఏ బీబీ, ఏ హెడ్‌సెట్, ఏ బ్రేకు కొనాలో మోడల్ పేర్లతో చెబుతాను.